గేదె పాలతో మసాలా టీ: అల్లం, బెల్లం వేసినప్పుడు పాలు విరగకుండా కాచడం ఎలా?

ప్రశ్న (రాజోలు వాసి)
మా ఇంట్లో ఉదయం పూట కాఫీయే అయినా, ముసురు పట్టిన సాయంత్రాలలో అల్లం, యాలకులు, మిరియాలు దంచి వేసి బెల్లంతో టీ కాచుకోవడం మా నాయనమ్మ గారి కాలం నుండి వస్తున్న అలవాటు. ఇంటి పాడి కనుక పాలు చిక్కగా ఉంటాయి. అయితే పాలలో అల్లం వేసి కాస్తే ఒక్కోసారి, బెల్లం వేస్తే తరచుగా విరిగిపోతున్నాయి. పైగా కొట్టి సీసాలో పోసుకున్న మసాలా పొడికి కొద్దిరోజులకే వాసన తగ్గుతోంది. దినుసులను ఏ వరుసలో వేయాలో తెలిసిన పెద్దలు వివరించగలరని మనవి.

సమాధానం (మండపేట నుండి)
పాలు విరగడం ఒకటే గాని కారణాలు రెండండి. పచ్చి అల్లంలో మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము ఒకటి ఉంది. అది సుమారు 60 డిగ్రీల వేడి దగ్గర చురుకుగా పనిచేసి, మరిగే నీటిలో నశిస్తుంది. అందువల్ల అల్లాన్ని ముందు నీళ్ళలో వేసి బాగా తెర్లనిచ్చి, ఆ తరువాతే పాలు పోయాలి. బెల్లం సంగతి వేరు. చెరకు రసంలోని ఆమ్లాలు, లవణాలు కొంతవరకు బెల్లంలో మిగిలిపోతాయి. వానాకాలపు చెమ్మకు నీరు కారి పులుపెక్కిన బెల్లమైతే మరిగే పాలను తప్పక విరిచేస్తుంది. గట్టి బెల్లాన్ని తురిమి ఉంచుకుని, పొయ్యి మీద నుండి దించిన తరువాత కలపండి. కలిపాక మళ్ళీ పొయ్యి ఎక్కించవద్దు. గేదె పాలలో వెన్న సాధారణంగా 6 నుండి 8 శాతం ఉంటుంది కనుక సగానికి సగం నీళ్ళు పోసినా టీ పలచబడదు.

సమాధానం (భీమవరం నుండి)
పొడి విషయంలో నాది కొంచెం కటువైన అభిప్రాయం: నెలకు సరిపడా కొట్టుకోవడమే అనవసరం. యాలకుల పరిమళమంతా గాలిలో తేలికగా ఆవిరయ్యే నూనెలదే, కాబట్టి దంచిన క్షణం నుండి అది తగ్గుతూనే ఉంటుంది. శొంఠి ఒక్కటి పొడి చేసి ఉంచుకోవచ్చు. యాలకులను తొక్కతో సహా, మిరియాలను కచ్చాపచ్చాగా, అప్పటికప్పుడు చిన్న రోట్లో నలిపి నీళ్ళలో వేయడం మేలు. నలుగురికి ఒక్క లవంగం చాలు, మించితే మిగతా వాసనలన్నీ అణగిపోతాయి. దాల్చిన చెక్క వేసిన టీలో నాకైతే బిర్యానీయే గుర్తుకొస్తుంది.

ఇక మనం వాడే గుండ్రటి రేణువుల టీపొడి 1930ల నాటి అస్సాంలో పుట్టిన సీటీసీ యంత్రపు పద్ధతిలో తయారైనది. ఆకును నలిపి, చించి, ఉండ కట్టిన రేణువులు కనుక రంగు, వగరు వెంటనే దిగుతాయి. అందుకే దినుసులను ఎంతసేపు తెర్లించినా ఫరవాలేదు గాని, పొడి వేశాక రెండు మూడు నిమిషాలకు మించి మరిగించకూడదు. ఖరీదైన డార్జిలింగ్ ఆకును ఈ మసాలాకు బలి చేయవద్దని ప్రత్యేకంగా మనవి.

సమాధానం (యానాం నుండి)
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తూనే మా ఇంటి పద్ధతి చెబుతాను. కాఫీ అలవాటున్న ఇల్లు కావడంతో మా పెద్దలు టీని కూడా డికాక్షన్ వలెనే తీసేవారు. ఒక గిన్నెలో దినుసులు, టీపొడి మరిగించి, వడగట్టి, అందులోనే బెల్లం కరిగించేవారు; పాలను వేరుగా కాచి, తాగే ముందు గ్లాసులో రెండూ కలిపేవారు. బెల్లం పాలతో కలిసి పొయ్యి మీద మరగదు కనుక విరిగే అవకాశం చాలా తక్కువ.

ప్రశ్నించినవారు
ధన్యవాదాలండి. మా నాయనమ్మ గారు కూడా రెండు గిన్నెలు పెట్టేవారని ఇంట్లో అడిగితే తెలిసింది. ఒక్క సందేహం మిగిలింది: పచ్చి అల్లానికి బదులు శొంఠి వాడితే, నలుగురికి ఎంత వేయాలి?

సమాధానం (భీమవరం నుండి)
పావు చెంచాతో మొదలుపెట్టండి. శొంఠి ఘాటు గొంతులో ఆలస్యంగా తెలుస్తుంది కనుక, తాగి చూశాకే పెంచండి.