మారిషస్‌లో ఫుల్ డే కాటమరాన్: ఆగస్టులో పెద్దవాళ్ళతో వెళ్తున్నాం, ఈల్ ఓ సెర్ఫ్‌కి వెళ్ళొచ్చా?

స్వాతి_కూకట్‌పల్లి

హాయ్ అండి అందరికీ. ఆగస్టు రెండో వారంలో మారిషస్ వెళ్తున్నాం. నేను, మావారు, మా ఆరేళ్ళ పాప, ఇంకా అత్తయ్య మావయ్య. హోటల్ ఫ్లిక్ ఆన్ ఫ్లాక్‌లో బుక్ అయిపోయింది, డబ్బులు కూడా కట్టేశాం కాబట్టి అది ఇంక మార్చలేం. ట్రావెల్స్ వాళ్ళు ఒక రోజు మొత్తం ఈల్ ఓ సెర్ఫ్ ఐలాండ్‌కి కాటమరాన్ (రెండు పడవలు కలిపినట్టుండే పెద్ద బోటు) పెట్టారు, పొద్దున తొమ్మిదింటికి బోటు ఎక్కితే మళ్ళీ సాయంత్రం నాలుక్కి దింపుతారట, మధ్యలో జలపాతం, స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ళ మీద తేలి కింద చూడడం), బోటు మీదే బార్బెక్యూ లంచ్, ఐలాండ్‌లో ఓ రెండు గంటలు. ఫోటోలు చూస్తుంటే ఇప్పుడే వెళ్ళిపోవాలనిపిస్తోంది, ఆ నీళ్ళ రంగు నిజంగా అలాగే ఉంటుందా!

కానీ నా భయాలు నాకున్నాయి. అత్తయ్యకి అరకు ఘాట్ రోడ్డులోనే వాంతులు అవుతాయి, అలాంటిది ఏడు గంటలు బోటు మీద ఎలా ఉంటారో. మావయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కగలరు గానీ మెల్లగా. మాలో ఎవరికీ ఈత రాదు. పైగా వాళ్ళిద్దరూ ప్యూర్ వెజ్, గుడ్డు కూడా ముట్టరు. పాప ఒక్కతే ఎక్కడికైనా రెడీ. వాళ్ళని హోటల్లో వదిలేసి మేం ముగ్గురమే వెళ్ళడం నాకిష్టం లేదు, రాక రాక వస్తున్నారు, సముద్రం మీద ఒక రోజు వాళ్ళకీ చూపించాలని ఉంది. వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

ఎబెన్_తెలుగబ్బాయి

స్వాతి గారూ, నేను మారిషస్‌లోనే ఉద్యోగం చేస్తున్నా, ఇండియా నుంచి ఎవరొచ్చినా ఇదే ప్రశ్న అడుగుతారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా.

నీళ్ళ రంగు నిజమే, అందులో డౌట్ వద్దు. దీవి చుట్టూ దాదాపు అంతా పగడపు దిబ్బ గోడ కట్టినట్టు ఉంటుంది, అలలు అక్కడే విరిగిపోతాయి, లోపల లోతు తక్కువ, కింద తెల్ల ఇసుక, అందుకే ఆ రంగు. ఎండ ఉంటేనే ఆ రంగు బాగా కనపడుతుంది, మబ్బు పడితే మామూలుగా అయిపోతుంది, ఆగస్టులో తూర్పు వైపు మబ్బులు, చిన్న చిన్న జల్లులు మామూలే.

అసలు విషయం గాలి. ఇక్కడ ఆగస్టు అంటే చలికాలం, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా కొడుతుంది. ఈల్ ఓ సెర్ఫ్ తూర్పున ఉంది, అంటే గాలికి ఎదురుగా. మీ హోటల్ పడమట ఉంది, మధ్యలో కొండలు అడ్డం కాబట్టి అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. ఇంకోటి, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ నుంచి తూర్పు తీరంలో బోట్లు బయల్దేరే ట్రూ డో డూస్‌కి కారులో గంట పైనే పడుతుంది, షేరింగ్ వ్యాన్ అయితే హోటల్ హోటల్‌కీ ఆగుతూ వెళ్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ, రోడ్లు కూడా వంకర్లే. మీ అత్తయ్య గారికి బోటు ఎక్కకముందే కడుపులో తిప్పడం మొదలవుతుంది.

నన్నడిగితే మీరున్న వైపే బ్లాక్ రివర్ నుంచి ఈల్ ఓ బెనిటియే అనే ఐలాండ్‌కి కాటమరాన్లు ఉంటాయి, అది పట్టుకోండి. హోటల్ నుంచి అరగంట చిల్లర అంతే. దారిలో టామరిన్ దగ్గర డాల్ఫిన్లు కనపడొచ్చు, తర్వాత ల మోర్న్ కొండ, 2008లో యునెస్కో లిస్టులో చేరింది, పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది, సముద్రం మీంచి చూస్తేనే దాని నిటారుతనం తెలుస్తుంది. లగూన్ (పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ నీళ్ళు) మధ్యలో క్రిస్టల్ రాక్ అని ఒక రాయి నీళ్ళలోంచి లేచి ఉంటుంది, అందరూ అక్కడ ఆగి ఫోటోలు దిగుతారు. ల మోర్న్ మూలకి మాత్రం గాలి ఉంటుంది, కైట్ సర్ఫింగ్ వాళ్ళు దానికోసమే వస్తారు, కానీ లగూన్ లోపల పెద్ద అలలు లేవవు.

బుక్ చేసేముందు ఒకటి కచ్చితంగా అడగండి: ఐలాండ్ మీద దింపుతారా, లేక దగ్గర్లో లంగరు వేసి లంచ్ పెట్టి వెనక్కి తిప్పేస్తారా? కొన్ని ట్రిప్పుల్లో దింపరు. బెనిటియేలో సౌకర్యాలు కూడా తక్కువే, ఇసుక, కొబ్బరి చెట్లు, సరుగుడు చెట్ల నీడ, అంతకన్నా పెద్దగా ఏం ఉండదు. ఈల్ ఓ సెర్ఫ్‌లో అయితే రెస్టారెంట్లు, టాయిలెట్లు, గోల్ఫ్ కోర్సు, పారాసెయిలింగ్ అన్నీ ఉంటాయి.

గుంటూరు_గీత

నేను పై ఆయనతో సగమే ఒప్పుకుంటాను. అమ్మానాన్నలతో జులైలో ఈల్ ఓ సెర్ఫ్ వెళ్ళొచ్చాం మేము. ట్రూ డో డూస్ నుంచి ఎక్కితే దాదాపు ప్రయాణమంతా రీఫ్ (పగడపు దిబ్బ) లోపలే, గాలి ఉంది నిజమే, చెంపలు వాచేలా కొట్టింది, కానీ బోటు ఊగడం అంత లేదు. మహేబూర్ వైపు నుంచి బయల్దేరేవి వేరే, అవి ఇంకా దూరం, పెద్దవాళ్ళకి అది వద్దు.

గ్రాండ్ రివర్ సౌత్ ఈస్ట్ జలపాతం గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి. నది సముద్రంలో కలిసేచోట లోపలికి చిన్న బోటులో తీసుకెళ్ళి చూపించి తిప్పేస్తారు, వానల్లో బాగుంటుందేమో గానీ చలికాలంలో నీళ్ళు సన్నగా ఉన్నాయి. ఒడ్డున చెట్ల మీద కోతులు ఉంటే అదే పిల్లలకి పండగ.

నాకు బాగా నచ్చింది బోటు ముందర కట్టిన వల. కాటమరాన్ అంటే రెండు పడవల్ని పక్కపక్కన పెట్టి మీద డెక్ వేసినట్టు ఉంటుంది కదా, ఆ రెండింటి మధ్య ముందువైపు గట్టి వల బిగిస్తారు, దాని మీద బోర్లా పడుకుంటే ముక్కు కిందే నీళ్ళు పరిగెడుతుంటాయి, ఉన్నట్టుండి చల్లటి తుంపర మొహాన కొడుతుంది. మా అమ్మ మొదట దూరంగా కూర్చుని తర్వాత తనే పాక్కుంటూ వచ్చి చీర కొంగు నడుముకి దోపుకుని అక్కడే సెటిలైపోయింది, లంచ్‌కి పిలిచినా రానంది. మీ పాపని మాత్రం వల మీద ఒంటరిగా వదలొద్దు, లైఫ్ జాకెట్ వేసి పక్కన మీరో మీవారో ఉండండి.

తిండి సంగతి ముఖ్యం. గ్రిల్ మీద చికెన్, చేప కాలుస్తారు, పక్కన అన్నం, సలాడ్, గార్లిక్ బ్రెడ్, పళ్ళు. వెజ్ అని చెబితే అదే గ్రిల్ మీద కూరగాయలు కాల్చి ఇస్తారు, మా నాన్నగారు దాన్ని ముట్టలేదు. ముందే ఫోన్ చేసి వేరే ప్యాన్‌లో చేయమని చెప్పండి, ఎందుకైనా మంచిది పులిహోరో చపాతీలో వెంట పెట్టుకోండి, ముందే అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. ఊళ్ళో దొరికే ధోల్ పూరి కూడా కట్టించుకోవచ్చు, మన పప్పు భక్ష్యంలో తీపి తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, మా వాళ్ళు లొట్టలేసుకుంటూ తిన్నారు.

ఒకవేళ పెద్దవాళ్ళకి ఏడు గంటలు కష్టం అనిపిస్తే కాటమరానే కావాలని లేదండి. కారులో ట్రూ డో డూస్ దాకా వెళ్ళి అక్కడ మామూలు బోటు ఎక్కితే పావుగంట ఇరవై నిమిషాల్లో ఐలాండ్‌లో ఉంటారు, ఇష్టమున్నంతసేపు ఉండి వచ్చేయొచ్చు.

ఇంజిన్_రూమ్_వైజాగ్

మర్చంట్ నేవీలో ఇంజినీర్‌ని అండి. వాంతుల గురించి నాలుగు మాటలు.

కాటమరాన్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి మామూలు పడవలా పక్కకి ఒరిగిపోదు, ఆ విషయంలో మీ అత్తయ్య గారికి మేలే. కానీ ఎదురు గాలికి చిన్న అలలు వరసగా తగులుతుంటే దబ్ దబ్ మని కుదుపులు వస్తాయి, ముందువైపు ఎక్కువ, వెనక తక్కువ. కాబట్టి ఆవిణ్ణి వెనక డెక్ మీద, మధ్యకి దగ్గరగా, గాలి తగిలేచోట కూర్చోబెట్టండి. చూపు దూరంగా ఒడ్డు మీదో ఆకాశం సముద్రం కలిసే గీత మీదో ఉండాలి, ఫోన్ చూడకూడదు. కింద క్యాబిన్‌లోకి అసలు పంపొద్దు, వికారంగా ఉందని కింద పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది, గ్రిల్ పొగ వచ్చే వైపు కూడా వద్దు. ఖాళీ కడుపుతో ఎక్కడం పొరపాటు, ఇడ్లీ లాంటిది ఏదైనా తేలిగ్గా తినాలి. టాబ్లెట్ వాంతి మొదలయ్యాక వేసుకుంటే పని చేయదు, అవోమిన్ లాంటివి బయల్దేరడానికి ముందే పడాలి, మత్తు వస్తుంది, బీపీ షుగర్ మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడిగాకే. పాపకి మీ అంతట మీరు ఏదీ వేయకండి, పిల్లల డాక్టర్‌ని అడగండి.

మావయ్య గారి మోకాలు గురించి ఎవరూ రాయలేదు. అక్కడ చాలాచోట్ల కాటమరాన్ ఒడ్డుదాకా రాదు, డింగీ అనే చిన్న పడవలోకి దిగి, అందులోంచి మోకాలి లోతు నీళ్ళలోకి కాలు పెట్టి నడవాలి. కదిలే బోటు నుంచి కదిలే బోటుకి అడుగు వేయడం ఆపరేషన్ అయిన కాలికి కష్టమే. జెట్టీ నుంచి నేరుగా ఎక్కిస్తారా, ఐలాండ్ దగ్గర ఎలా దింపుతారు, ఈ రెండూ ఫోన్‌లో అడిగి తెలుసుకోండి. బోటులో టాయిలెట్ కూడా కిందికి నిటారు మెట్లు దిగితే ఉంటుంది, ఇరుకు. డెక్ మీద చెప్పులు విప్పించేస్తారు, తడి డెక్ జారుతుంది. నీళ్ళలో దిగేటప్పుడు మాత్రం రబ్బరు బూట్లు తప్పనిసరి, అక్కడి రాళ్ళలో సముద్రపు ముళ్ళ ఉండలు ఉంటాయి, రాయిలాగే కనిపించే విషపు చేప స్టోన్ ఫిష్ కూడా ఉంటుంది, తొక్కితే హాస్పిటలే.

ఎక్కగానే మీ పాప సైజు లైఫ్ జాకెట్ చూపించమనండి, పెద్దవాళ్ళది బిగించి కట్టి సరిపెట్టేస్తామంటే ఆ బోటు ఎక్కొద్దు. అక్కడ టూరిస్ట్ బోట్లకి టూరిజం అథారిటీ లైసెన్స్ ఉండాలి, బీచ్‌లో చవగ్గా తీసుకెళ్తామని వెంటపడేవాళ్ళని అది చూపించమని అడిగితే తేలిపోతుంది.

స్వాతి_కూకట్‌పల్లి

అమ్మో, ఇన్ని విషయాలు ఉన్నాయా ఇందులో! అందరికీ చాలా థాంక్స్ అండి. మావయ్యతో డింగీ సంగతి చెబితే నేను దిగను, బోటులోనే కూర్చుని చూస్తా అన్నారు. ఇంకో డౌట్, మావారి ఫ్రెండ్ ఉత్తరాన గాబ్రియెల్ ఐలాండ్ అన్నిటికంటే బాగుంటుంది, అదే వెళ్ళండి అంటున్నాడు. అది ఎలా ఉంటుంది?

కోరంగి_కబుర్లు

గాబ్రియెల్ అందం మాట నిజమే, గ్రాండ్ బే నుంచి వెళ్తారు, కానీ దారిలో రీఫ్ దాటి బయటి సముద్రంలో పడాలి, ఆగస్టు గాలిలో మీ అత్తయ్య గారికి అది నరకం. కుర్రాళ్ళు వెళ్ళొచ్చు.

అయితే అక్కడికి వెళ్ళే ప్రతి తెలుగువాడికీ ఇది తెలియాలి అనిపిస్తుంది నాకు. ఈరోజు స్నార్కెలింగ్ చేసే ఆ గాబ్రియెల్ ఇసుక మీదే 1856లో కలకత్తా నుంచి కూలీలతో వచ్చిన రెండు ఓడల జనాన్ని, కలరా ఉందని ఊళ్ళోకి రానివ్వకుండా దింపేశారు. సరైన గూడు లేదు, మందు లేదు, వందల మంది అక్కడే పోయారు. వాళ్ళు ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు, కానీ కాకినాడ దగ్గరి మన కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు ఎక్కినవీ అలాంటి ఓడలే. ఆ తెలుగు కుటుంబాల వాళ్ళు ఇప్పటికీ అక్కడ ఉన్నారు, ఉగాదికి దేశమంతా సెలవు, ఊళ్ళలో అమ్మోరు పండగ చేస్తారు, సింహాద్రి అప్పన్నని కొలుస్తారు.

అందుకని స్వాతి గారూ, మీ ప్లాన్‌లో ఇంకో పూట రాజధాని పోర్ట్ లూయిస్‌కి ఇవ్వండి. అక్కడ అప్రవాసి ఘాట్ ఉంది, 2006లో యునెస్కో గుర్తించింది, కూలీలు ఓడ దిగి ఎక్కిన 16 రాతి మెట్లు అలాగే ఉన్నాయి. అప్పట్లో ఆ దేశానికి వెళ్ళిన భారతీయ కూలీలు దాదాపు ఐదు లక్షల మంది. పెద్దగా నడక ఉండదు, మీ మావయ్య గారికీ బాగుంటుంది.

ఎబెన్_తెలుగబ్బాయి

కోరంగి గారు చెప్పినదానికి నాదీ అదే మాట. డాల్ఫిన్ల గురించి కూడా ఒకటి చెప్పాలి, టామరిన్‌కి వచ్చే స్పిన్నర్ డాల్ఫిన్లు రాత్రంతా బయట వేటాడి పొద్దున ఒడ్డు దగ్గరికి వచ్చేది విశ్రాంతికి. పది బోట్లు చుట్టుముట్టి జనం వాటి మీదకి దూకుతుంటే చూడ్డానికి బాధగా ఉంటుంది. దూరంగా ఇంజిన్ తగ్గించి చూపించే స్కిప్పర్లు ఉన్నారు, ఫోన్‌లోనే మాకు నీళ్ళలో దిగడం వద్దు, దూరం నుంచి చూస్తే చాలు అని చెప్పండి.

స్వాతి_కూకట్‌పల్లి

అయితే బెనిటియేకే ఫిక్స్ అయ్యామండి. ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఈల్ ఓ సెర్ఫ్ తీసేయమన్నాను, కాస్త సణిగారు గానీ ఒప్పుకున్నారు. వెజ్‌కి వేరే ప్యాన్, పాప లైఫ్ జాకెట్, జెట్టీ, డాల్ఫిన్లకి దూరం, అన్నీ వాళ్ళకి మెసేజ్ పెట్టేశాను. పోర్ట్ లూయిస్ మావయ్యే అడిగి మరీ పెట్టించుకున్నారు, వాళ్ళ అమ్మమ్మగారి ఊరు కాకినాడ పక్కనేనట. ఆగస్టులో స్వెటర్లు పట్టుకెళ్ళాలా, చెప్పండి ఎవరైనా?

గుంటూరు_గీత

స్వెటర్ కంటే గాలి దూరని జాకెట్ పెట్టుకోండి, తడిసినా త్వరగా ఆరుతుంది. పగలు ఎండలో బాగానే ఉంటుంది, తిరుగు ప్రయాణంలో తడి బట్టల మీద గాలి కొడితే వణుకు వస్తుంది, అందుకని అందరికీ ఒక జత పొడి బట్టలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి. చల్లగా ఉంది కదా అని సన్‌స్క్రీన్ మానేయొద్దు, పాప చెవుల మీద, పాదాల మీద కూడా రాయండి.