ప్రశ్న అడిగే జూనియర్ పేరు సీనియర్‌కు కనిపించాలా?

ఫైనలియర్_సీఎస్ఈ:

అందరికీ నమస్కారం. మాది జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ కళాశాల. మేజర్ ప్రాజెక్టుగా నలుగురం కలిసి, కొత్తగా చేరిన విద్యార్థులకు సీనియర్ల సలహా అందించే యాప్ ఒకటి రూపొందిస్తున్నాం. సీనియర్లు హాల్‌టికెట్ నంబరుతో నమోదు కావాలి. వారి పేరు, బ్రాంచి అందరికీ కనిపిస్తాయి. ఇంతవరకు మాలో భేదం లేదు. ప్రశ్న అడిగే జూనియర్ పేరు కనిపించాలా, దాచాలా అన్న దగ్గర మాత్రం ఇద్దరం ఒకవైపు, ఇద్దరు మరోవైపు నిలిచిపోయాం.

నేను దాచాలంటాను. పేర్లు లేకుండా ఒక వారం నడిపి చూసినప్పుడు, రాత్రి ఒంటిగంటకు ఎవరో ఇలా రాశారు: "రోజూ క్యాంటీన్ దాకా వెళ్లి, ఎవరి పక్కన కూర్చోవాలో తెలియక వెనక్కి వచ్చేస్తున్నాను. మధ్యాహ్నం తినడమే మానేశాను. ఇలా అందరికీ ఉంటుందా?" అదే వారంలో మేము తరగతులకు వెళ్లి ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగితే, ప్రతి సెక్షన్‌లోనూ "ఏం లేవన్నా" అనే అన్నారు. మీ అభిప్రాయాలు కారణాలతో సహా చెప్పగలరు.

లెక్కల_మాస్టారు:

బాబూ, నేను మీ పక్షమే. మొదటి సంవత్సరానికి గణితం చెప్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. కొన్నేళ్ల క్రితం నా తరగతిలో, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఒక అమ్మాయి జ్వరంతో మూడు వారాలు రాలేకపోయింది. నోటీసు బోర్డులో తన నంబరు ఎదురుగా 'కండోనేషన్' అని ఉండడం చూసి, దాన్ని డొనేషన్ అనుకుంది. హాజరు 75 శాతానికి తగ్గినా 65 శాతానికి దిగకుండా ఉంటే, తగిన కారణం చూపి రుసుము కట్టి మినహాయింపు పొందవచ్చునని, దాని పేరే కండోనేషన్ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె ఎవరినీ అడగలేదు. వాళ్ల నాన్నగారు పత్తి అమ్మిన డబ్బు చేతిసంచిలో తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ప్రస్తుతానికి ఇదే ఉంది సార్, మిగతాది సంక్రాంతికి సర్దుతాను" అన్నారు.

ఆ అమ్మాయి ఉండే హాస్టల్లోనే అంతకుముందు ఏడాది అదే రుసుము కట్టిన సీనియర్లు ఉన్నారు. ఒక్క మాట అడిగితే తీరిపోయేది. అయితే, తన పేరుతో అడిగితే ఆ ఇంగ్లీషు మాట తెలియదన్న సంగతి కూడా బయటపడుతుంది. ఇంటర్ వరకు మంచి మార్కులతో వచ్చిన పిల్లలకు ఆ నామోషీ ఎంత భారంగా ఉంటుందో నేను ఏటా చూస్తూనే ఉన్నాను. పేరు చెప్పనక్కరలేదంటేనే వాళ్లు నోరు విప్పుతారు.

హాస్టల్_అక్క:

సార్, మీ అనుభవం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను మూడో సంవత్సరం విద్యార్థినిని, మా హాస్టల్లో మెంటర్‌గా ఉన్నాను. 2009లో యూజీసీ ర్యాగింగ్ నిరోధానికి తెచ్చిన నిబంధనల్లో, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సీనియర్లతో మెంటరింగ్ సెల్ ఏర్పాటు చేయాలనీ, ఆరుగురు కొత్త విద్యార్థులకు ఒక మెంటర్ చొప్పున ఉండాలనీ స్పష్టంగా ఉంది. అరవై మంది అనకుండా ఆరుగురు అనడంలోనే, ఒకరి ముఖం ఒకరు ఎరిగి ఉండాలన్న ఉద్దేశం నాకు కనిపిస్తుంది. ముఖం తెలియని సీనియర్ అంటే కొత్తవారికి ఉండే భయం ముఖం తెలిస్తేనే పోతుంది.

అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటి ఉంది. మేము కూడా మొదట్లో పేర్లు లేని ప్రశ్నల ఫారం ఒకటి పెట్టాం. ఒక రాత్రి పదకొండున్నరకు "ఇక నావల్ల కాదక్కా" అని వచ్చింది. వెంటనే బదులిచ్చాను, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 పంపాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. ఎవరు రాశారో తెలియదు. వార్డెన్‌ను లేపి, నేనూ నా గదిలోని ఇద్దరూ అంతస్తు తరువాత అంతస్తు తలుపులు కొట్టుకుంటూ వెళ్లాం. రెండు దాటిన తరువాత ఒక అమ్మాయి మెట్ల కింద, వాటర్ కూలర్ పక్కన కూర్చుని ఏడుస్తూ కనిపించింది. క్షేమంగానే ఉంది. కానీ ఆ రెండున్నర గంటలు మేము ఎలా గడిపామో చెప్పలేను. మర్నాడే ఆ ఫారం తీసేశాం. పేరు దాచాలనేవారు ఇలాంటి రాత్రికి ఏ దారి చూపిస్తారో చెప్పాలి.

ఇడుపులపాయ_పూర్వవిద్యార్థి:

ఇద్దరు చెప్పినదీ నిజమే. పేరు యాప్‌కు తెలిసి ఉండి, సీనియర్‌కు తెలియకుండా ఉంచవచ్చు. అది సాంకేతికంగా కష్టమైన పని కాదు. చీటీ మీద పేరు రాసి కవరులో అంటించినట్టు ఉంచి, ప్రాణాపాయమని మెంటర్ నొక్కి చెప్పినప్పుడు మాత్రమే తెరవాలి. తెరిచేది ఎవరన్నదే చిక్కు. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో తీర్పునిస్తూ, వంద లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలర్ కనీసం ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కవరు తెరిచే తాళం కౌన్సెలర్ చేతిలో ఉండాలని నా అభిప్రాయం.

మరో రెండు విషయాలు గమనించండి. మా ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే ఆరేళ్ల కోర్సులో చేరతాం. మీ కళాశాలలోనూ చేరే నాటికి పద్దెనిమిది నిండనివారు చాలామందే ఉంటారు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వారిని పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. అందువల్ల అవసరం లేని వివరం ఒక్కటి కూడా అడగకండి.

ముఖ్యంగా ర్యాంకు అడగకండి. "నీ ర్యాంకు ఎంత?" అన్న మాట మన కళాశాలల్లో పలకరింపులాగా వినిపిస్తుంది గానీ, సీటు ఏ కోటాలో వచ్చిందో తేల్చుకోవడానికే చాలాసార్లు అడుగుతారు. 2023లో ఐఐటీ బొంబాయి తన విద్యార్థులకు, ఒకరి జేఈఈ ర్యాంకు ఒకరు అడగడం తగదని మార్గదర్శకాలే ఇచ్చింది. ఇంటిపేరు చూసి కులం ఊహించే అలవాటు మనకు ఎలాగూ ఉంది. పేరు దాచాలనడానికి నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద కారణం.

మొదటి_సంవత్సరం:

నేను ఈ ఏడాదే చేరాను. తాళం కళాశాల జీతమిచ్చే మనిషి చేతిలో ఉందని తెలిస్తే మాలో ఎవరూ ఏమీ రాయరు. మెస్ భోజనం గురించి ఫిర్యాదు చేసినవారెవరో కనుక్కోవాలనిపించినా యాజమాన్యం ఆ తాళమే అడుగుతుంది.

ఫైనలియర్_సీఎస్ఈ:

ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. తాళం కౌన్సెలర్ దగ్గర ఒకటి, విద్యార్థులు ఎన్నుకున్న మెంటర్ దగ్గర ఒకటి ఉంచి, రెండూ కలిస్తేనే తెరుచుకునేలా, తెరిచిన ప్రతిసారీ ఆ విద్యార్థికి సందేశం వెళ్లేలా చేయాలని మా ఆలోచన. ర్యాంకు గడి మాత్రం ఈరోజే తీసేశాం. హాస్టల్ అక్క గారూ, రాత్రి పదకొండున్నరకు ఇద్దరినీ లేపి రెండు తాళాలూ కలిపేసరికి గంట పట్టవచ్చు. మీకు అది సమ్మతమేనా?

హాస్టల్_అక్క:

గంట చాలా ఎక్కువ. కానీ నిన్నటి నుంచి ఆ రాత్రినే మళ్లీ తలచుకుంటున్నాను. నిజానికి అప్పుడు పేరు చెప్పినా, ఆ అమ్మాయి గది ఎక్కడో నాకు వెంటనే తెలిసేది కాదు, రిజిస్టరు వెతకవలసి వచ్చేది. నాకు అప్పుడు కావలసింది ఏ బ్లాకు, ఏ అంతస్తు అన్న సమాచారం. నేను నాలుగో అంతస్తు నుంచి మొదలుపెట్టాను. ఆమె గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. పేరు మీ రెండు తాళాల కిందే ఉండనివ్వండి. మెంటర్ ప్రమాదమని నొక్కగానే బ్లాకు, అంతస్తు మాత్రం ఎవరి అనుమతీ లేకుండా ఆ బ్లాకు మెంటర్‌కు కనిపించాలి. ఇలా చేయగలిగితే నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటాను. ఇంటి నుంచి వచ్చిపోయేవారికీ, ప్రైవేటు గదుల్లో ఉండేవారికీ ఇది పనికిరాదు, వారి కోసం ఏం చేయాలో విడిగా ఆలోచించాలి.