ఇథనాల్, ద్రవ ఆక్సిజన్ ఇంజిన్: ఇంజెక్టర్ ప్లేట్ రెడీ, ఆక్సిజన్ ఎప్పుడు ఎక్కించాలి?

గాజువాక షెడ్:
నమస్తే అండీ. సొంతంగా చేసిన రాకెట్‌లో మనిషిని అంతరిక్షం అంచుకి పంపాలని చూస్తున్న డెన్మార్క్ ఔత్సాహికుల బృందం కోపెన్‌హేగెన్ సబార్బిటల్స్ వాళ్ల దారిలో చిన్న ఇంజిన్ ఒకటి నేలకు బిగించి కాల్చి చూడాలని మా ఐదుగురి ఉద్దేశం. ఇంధనం మండే ఛాంబర్‌లో ప్రెజర్ 20 బార్. ఇంధనం 75 శాతం ఇథనాల్, మిగతాది నీళ్లు, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ రాకెట్ వీ-2 లెక్కే. ఛాంబర్‌లోకి ఇంధనాన్ని ధారలుగా చిమ్మే ఇంజెక్టర్ ప్లేట్ ఆటోనగర్‌లో చేయించాం. ఇంధనం వైపు 1 మి.మీ. రంధ్రాలు 12. ద్రవ ఆక్సిజన్ తయారుచేసే స్టీల్ ప్లాంట్ పక్కనే ఉంది కదా, నేరుగా ఆక్సిజన్‌తో మొదలుపెట్టొచ్చా? ఇంకో మాట: 2008 నుంచి పనిచేస్తున్నా కోపెన్‌హేగెన్ వాళ్లు ఇంకా మనిషిని ఎక్కించలేదు. ఇంజిన్ చాలకనా?

కొలత ముఖ్యం:
ఆక్సిజన్ మాట తర్వాత. ముందు నీళ్లతో పరీక్ష చెయ్యండి. ప్లేట్‌కి రెండు వైపులా ప్రెజర్ తేడా 5 బార్ ఉండాలి, అంటే మీ ఛాంబర్ ప్రెజర్‌లో నాలుగో వంతు. ఇది బాగా తగ్గితే, 10 శాతానికి దిగితే, ఛాంబర్‌లో మంట ఊగినప్పుడల్లా ఇంధనం రాక కూడా ఊగుతుంది, ఇంజిన్ గుడగుడలాడుతుంది.

5 బార్‌కి, డిశ్చార్జ్ కోఎఫిషెంట్ (లెక్క ప్రకారం రావాల్సిన దానిలో నిజంగా వచ్చే వంతు) 0.7 అనుకుంటే, ఒక్కో రంధ్రం నుంచి సెకనుకు 17.4 గ్రాముల నీళ్లు రావాలి. 12కి 209 గ్రాములు. బకెట్‌లో 10 సెకన్లు పట్టి తూచండి: 2.1 కిలోల దరిదాపుల్లో ఉండాలి. మీ ఇంధనం సాంద్రత నీళ్లలో 0.86 వంతు కాబట్టి దాని వర్గమూలంతో, అంటే 0.93తో గుణించండి. ఇంధనం సెకనుకు 194 గ్రాములని తేలుతుంది.

తూకం ఎక్కువొస్తే మొదట డ్రిల్ బిట్‌ని అనుమానించండి. 1 మి.మీ. బిట్ కొంచెం ఊగి 1.05 రంధ్రం చేస్తే వైశాల్యం 10 శాతం పెరిగినట్టే. 1.00 మి.మీ. కొలత పిన్ రంధ్రంలో దూరాలి, 1.05 దూరకూడదు. ప్లేట్ వెనక్కి తిప్పి ప్రతి రంధ్రం అంచు మీద గోరు పెట్టి లాగండి. ఎక్కడైనా గీరుకుంటే అక్కడ బర్, అంటే డ్రిల్ వదిలిన లోహపు ముల్లు, ఉన్నట్టు. వెంట్రుకంత బర్ చాలు, ధార పక్కకు తిరగడానికి. ధార అలా తిరిగితే ఇంధనం, ఆక్సిజన్ సరిగా కలవక, గోడ దగ్గర ఒకచోట వేడి పోగై గోడ కరిగిపోవచ్చు. అందుకే మొత్తం తూకం సరిపోయిందని ఆగకండి. 12 పేపర్ గ్లాసులు పెట్టి ఒక్కో ధారనూ విడిగా పట్టి తూచండి.

ప్రెజర్ గేజ్ ట్యాంక్ దగ్గర కాదు, ప్లేట్‌కి ఆనుకునే పెట్టాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. పైపులో, వాల్వ్‌లో పోయే ప్రెజర్‌ని కూడా ప్లేట్ ఖాతాలో వేసేస్తారు. ట్యాంక్‌ని కూడా పని ప్రెజర్‌కి ఒకటిన్నర రెట్లు నీళ్లతోనే పరీక్షించండి, గాలితో వద్దు. నీళ్లతో పగిలితే కారుతుంది. గాలితో పగిలితే ముక్కలు మనుషుల మీదికొస్తాయి.

చలివాల్వ్:
ఆక్సిజన్ దగ్గరుందన్న మాట నిజమే. 2021 ఏప్రిల్‌లో, కోవిడ్ రోజుల్లో, ఆక్సిజన్ మోసిన మొదటి రైలు ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడి స్టీల్ ప్లాంట్‌లోనే నింపుకొని మహారాష్ట్ర వెళ్లింది. కానీ అది మైనస్ 183 డిగ్రీల ద్రవం, షెడ్‌కి డబ్బాల్లో తెచ్చుకునే సరుకు కాదు.

కోపెన్‌హేగెన్ వాళ్ల మొదటి ప్రయోగం 2010 సెప్టెంబర్ 5న ఆగిపోయింది ఇంజిన్ వల్ల కాదు, ఆక్సిజన్ వాల్వ్ గడ్డకట్టి. దాన్ని వెచ్చగా ఉంచడానికి పెట్టిన మామూలు హెయిర్ డ్రయ్యర్‌కి కరెంట్ చాల్లేదు. బాల్టిక్ సముద్రంలోనే అలా అయితే మన ఉక్కపోత సంగతి చెప్పాలా? తేమ అంతా వాల్వ్ కాడ చుట్టూ పేరుకుని మంచుగడ్డ అవుతుంది.

అందుకే ముందు ద్రవ నైట్రోజన్‌తో చూడండి. అది మైనస్ 196, ఆక్సిజన్ కన్నా చల్లన, కానీ మంటని రెచ్చగొట్టదు. తలుపులు బార్లా తీసి ఉంచాలి. లీటరు ద్రవం 700 లీటర్ల వాయువవుతుంది, మూసిన గదిలో ఊపిరాడదు. వాల్వ్ హ్యాండిల్‌కి కొక్కెం తూకం తగిలించి, వెచ్చగా ఉన్నప్పుడు ఎంత బలానికి తిరుగుతోందో రాసుకోండి. తర్వాత అరగంట చలిలో నానబెట్టి మళ్లీ లాగండి. కౌంట్‌డౌన్ అరగంట ఆగితే ఏమవుతుందో అప్పుడే తెలుస్తుంది. నైట్రైల్ రబ్బర్ సీళ్లు ఆ చలికి గాజులా పెళుసవుతాయి, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పెట్టండి.

బాల్ వాల్వ్ మూసినప్పుడు బాల్ లోపల కొంచెం ద్రవం చిక్కుకుంటుంది. అది ఆవిరైతే 860 రెట్లు పెరుగుతుంది, వాల్వ్ పేలుతుంది. బాల్‌కి ట్యాంక్ వైపు చిన్న రంధ్రం ఉన్న క్రయోజెనిక్ వాల్వే తీసుకోండి. రెండు వాల్వ్‌ల మధ్య ఏ పైపు ముక్కకైనా రిలీఫ్ వాల్వ్ తప్పనిసరి. ఇక ఆక్సిజన్ తగిలే భాగాల మీద చుక్క నూనె, గ్రీజు, వేలిముద్ర కూడా ఉండకూడదు. లేత్ నుంచి వచ్చిన ప్లేట్‌ని అలాగే బిగించొద్దు.

గొడుగు లెక్క:
మనిషిని ఎందుకు ఎక్కించలేదని అడిగారు. ఇంజిన్ ఒక్కటే అడ్డు కాదు. 2011 జూన్ 3న వాళ్ల రాకెట్ 2.8 కిలోమీటర్లు ఎక్కింది. పారాచూట్‌లు సరిగా విచ్చుకోక క్యాప్సూల్ నీళ్లని గట్టిగా గుద్దుకుంది. లోపల ఉన్నది బొమ్మే. 2012 ఆగస్టులో, ప్రమాదం వస్తే క్యాప్సూల్‌ని దూరంగా లాక్కెళ్లే రాకెట్‌ని పరీక్షిస్తే, పారాచూట్ నిండేంత ఎత్తు అందలేదు. వాళ్ల తర్వాతి రాకెట్ నెక్సో-2 2018 ఆగస్టు 4న 6.5 కిలోమీటర్లు ఎక్కి పారాచూట్ మీద దిగిందంటే, ఆ దిగడమే నాకు పెద్ద విజయం.

గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 30 మీటర్ల దగ్గర తెరుచుకోవాల్సిన గొడుగు (పారాచూట్) 100 దగ్గర తెరుచుకుంటే కుట్ల మీద బరువు 11 రెట్లు. అందుకే ముందు చిన్న గొడుగు తెరిచి వేగం తగ్గించాలి, తర్వాత పెద్దది. 5 కిలోల బరువు సెకనుకు 6 మీటర్ల వేగంతో దిగాలంటే గొడుగు వ్యాసం సుమారు 1.9 మీటర్లు. ముందు ఈ 1.9 మీటర్లదాన్ని కుట్టి నేర్చుకోండి.

ఇంకోటి, వాళ్ల మొదటి క్యాప్సూల్ టైకో బ్రాహే వెడల్పు 64 సెం.మీ., మనిషి దాదాపు నిలబడే ఉండాలి. పైకి తోసేటప్పుడు రక్తం కాళ్లలోకి దిగి స్పృహ తప్పుతుంది. వెల్లకిలా పడుకోబెడితే అదే బరువుని తట్టుకుంటాడు.

గాజువాక షెడ్:
చాలా థాంక్స్ అండీ. గ్లాసుల పరీక్ష ఈ వారమే పెడతాం. గొడుగుని డ్రోన్‌తో భీమిలి వైపు సముద్రం మీద వదిలి చూడొచ్చా?

గొడుగు లెక్క:
అనుమతి లేకుండా వద్దు. ఇది నేవీ ఊరు, ఐఎన్‌ఎస్ డేగా అనే నేవీ విమానాల స్థావరం కూడా ఇక్కడే ఉంది. కిలోమీటర్ ఎత్తు నుంచి 6 మీటర్ల వేగంతో దిగితే 167 సెకన్లు పడుతుంది. 8 మీటర్ల గాలి ఉంటే 1.3 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది, కింద పడవలుంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో మరపడవలు వెళ్లవు గానీ చిన్న తెప్పలు తిరుగుతూనే ఉంటాయి. దగ్గర్లోని ఏదైనా కాలేజీ నీళ్ల ట్యాంక్ పైనుంచి, కింద తాడు కట్టి మనుషులు రాకుండా చూసుకుని వదలండి. ఆ ఎత్తులో గొడుగు మడత విప్పుకుంటుందా లేదా అన్నది తెలుస్తుంది, మొదటికి అది చాలు. రాకెట్ పైకి పంపే రోజొస్తే మాత్రం ప్రైవేటు అంతరిక్ష పనులకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ అనుమతి, ఇంధనాలకీ ప్రెజర్ ట్యాంకులకీ పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) నిబంధనలు ముందే చదువుకోండి.

కొలత ముఖ్యం:
గ్లాసుల తూకాలు ఇక్కడ పెట్టండి. 12లో ఏదైనా సగటుకి 5 శాతం దాటి తేడా వస్తే, ఆ రంధ్రం నంబర్ కూడా రాయండి.