కంటామినేషన్‌ని ‘కాలుష్యం’ అంటే సరిపోతుందా?

గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కి (మిశ్రమాన్ని ఆవిరిగా మార్చి అందులోని పదార్థాలను విడదీసే పరికరం) తగిలించే మాస్ స్పెక్ట్రోమీటర్‌ని (ద్రవ్యరాశిని బట్టి ఆ పదార్థాలను గుర్తుపట్టే పరికరం) విప్పి శుభ్రం చేసే పద్ధతిని తెలుగులో రాస్తూ కంటామినేషన్, అంటే ఉండకూడనిది వచ్చి చేరడం, అనే ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయానండీ. కాలుష్యం అనగానే పొగ, మురుగునీరు గుర్తొస్తాయి. కల్తీ అంటే ఎవరో లాభం కోసం కావాలని కలిపినట్టు. మాలిన్యం అంటే కంటికి కనిపించే మురికి. కిలోలో ఒక మైక్రోగ్రామ్ ఉన్నా పట్టేసే పరికరానికి ఈ మూడూ అతకవు.

ఒకసారి మేం అయాన్ సోర్స్ (పరికరంలో అణువులకు విద్యుదావేశం ఇచ్చే చోటు) భాగాలు మెరిసేదాకా రుద్ది, మెథనాల్‌తో కడిగి, ఆరడానికి మెత్తటి వినైల్ షీటు మీద పరిచాం. బిగించాక సాంపిల్ లేకుండా బ్లాంక్ నడిపితే గ్రాఫ్‌లో ద్రవ్యరాశి 149 దగ్గర నిటారుగా ఒక పీక్! అది థాలేట్ల గుర్తు, అంటే వినైల్‌ని మెత్తబరచడానికి కలిపే రసాయనాలు. కంటికి మాత్రం ఆ భాగాలు అద్దంలా ఉన్నాయి. మళ్లీ అంతా విప్పాం.

అప్పుడు తట్టింది, మన ‘అంటు’ అనే క్రియ ఇక్కడ ఎంత బాగా పనిచేస్తుందో. ‘కాలుష్యాన్ని నివారించండి’ అని రాస్తే చదివినవాడికి ఏం చెయ్యాలో తెలీదు. ‘అంటనివ్వకండి’ అని మొదలుపెడితే ఏది, దేనికి అన్నది రాయక తప్పదు. గ్లౌజు వేసుకున్న చేత్తోనే ఫోన్ తీసి, అదే చేత్తో పరికరం లోపలి లెన్స్ (అయాన్లను దారిలో పెట్టే లోహపు భాగం) పట్టుకుంటే గ్లౌజు ఉన్నా లేనట్టే కదా, ఆ సంగతి కూడా ఈ క్రియలో ఇమిడిపోతుంది.

> అంటు అనగానే అంటరానితనం గుర్తొస్తుందండీ, మైల లాగే. ‘కలుషితం’ చాలదా?

ఇలా అడిగినవారి బాధ నిజమేనండీ, అందుకే నామవాచకంగా వాడను. జిడ్డు అంటింది, రంగు అంటింది అని రోజూ అనే క్రియగానే వాడతాను. సాంపిల్ పాడైతే ‘కలుషితమైంది’ అనొచ్చు, అభ్యంతరం లేదు. అన్నిచోట్లా అంటడమే జరగదు కూడా. గాజు సీసాలో యాసిడ్ పోసి ఉంచితే బోరాన్, సోడియం అందులోకి ‘దిగుతాయి’, లోహాల జాడ వెతికేవాళ్లు గాజు మానేసి టెఫ్లాన్ జాతి సీసాలు వాడేది అందుకే. ముందు సాంపిల్ ఆనవాలు తర్వాతి దాంట్లో కనిపిస్తే నేను ‘మిగులు’ అంటున్నాను, ఇంతకంటే మంచి మాట ఉంటే చెప్పండి.

ప్రస్తుతానికి ఇలా రాశాను: “కడిగిన భాగాలకు చేతి జిడ్డు, గుడ్డ నూగు అంటనివ్వకండి. పౌడర్ లేని కొత్త నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. వేరే ఏది ముట్టుకున్నా గ్లౌజులు మార్చండి.”