జెడ్‌ష్‌లో హోమ్ నొక్కితే ~ పడుతోంది

రాత్రిడ్యూటీ:
పుట్టీ (దూరపు సర్వర్‌కి కనెక్టయ్యే టెర్మినల్ ప్రోగ్రాం) నుంచి సర్వర్‌లోకి వెళ్తే బ్యాష్ షెల్‌లో హోమ్, డిలీట్ బాగానే పనిచేస్తాయి. జెడ్‌ష్ అనే ఇంకో షెల్‌కి మారాక రెండూ ~ కొడుతున్నాయి. ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైల్‌లో కీలన్నీ రాశా, లాభం లేదు. టీమక్స్‌లో (ఒకే టెర్మినల్‌లో చాలా షెల్‌లు నడిపే ప్రోగ్రాం) కంట్రోల్ బాణాలు కూడా పోయాయి. పాత డేటాబేస్ ప్రాంప్టులో బ్యాక్‌స్పేస్ కొడితే ^? వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారిగట్టు:
ఇన్‌పుట్‌ఆర్‌సీ బ్యాష్ వాడే రీడ్‌లైన్‌దండీ, జెడ్‌ష్ దాన్ని చదవదు. కంట్రోల్ వి నొక్కి, ఆ వెంటనే హోమ్ నొక్కండి. ఆ కీ పంపే కోడ్ కనిపిస్తుంది, పుట్టీలో మామూలుగా ^[[1~, డిలీట్‌కి ^[[3~. వచ్చినదాన్ని బైండ్‌కీ కమాండ్‌తో జెడ్‌ష్‌ఆర్‌సీ సెట్టింగ్స్ ఫైల్‌లో ఆ కీ పనికి కట్టండి.

పాతకన్సోల్:
ఆ బ్యాక్‌స్పేస్ వల్లే మా ఆఫీసులో నా అకౌంట్ లాక్ అయింది. పాస్‌వర్డ్ తప్పు కొట్టి చెరిపా. చెరగలేదు, కనిపించదు కూడా. మూడుసార్లు అంతే. బ్యాక్‌స్పేస్ అంటే ఆస్కీలో (అక్షరాలకి నంబర్లిచ్చే పద్ధతి) 8. 127 పంపే టెర్మినళ్లదే తప్పు.

ఏడురంధ్రాలు:
కాదు. కాగితం టేపులో తప్పుపడిన అక్షరం మీద ఏడు రంధ్రాలూ పొడిచేవాళ్లు. అదే 127, కొట్టివేత. పాత వీటీ220 టెర్మినల్‌లో ఆ బ్యాక్‌స్పేస్ కీ పంపేదీ 127నే. డెబియన్ లినక్స్ పాలసీ కూడా అదే చెప్తుంది. 8 పంపితే ఈమాక్స్ ఎడిటర్‌లో హెల్ప్ తెరుచుకుంటుంది.

పాతకన్సోల్:
నేను ఈమాక్స్ వాడను. టేపు కథలు చెప్తే నా లాక్ తెరుచుకుంటుందా?

ఏడురంధ్రాలు:
చెరిపే కీ ఏదో చెప్పే ఎస్‌టీటీవై ఎరేజ్ ఒక్క లైను సరిచేస్తే లాక్ పడేదే కాదు. మీరు చూసుకోకుండా టెర్మినల్‌ని తిడితే ఎలా?

సర్వర్‌స్వామి:
పదిహేనేళ్లుగా ఇదే పని నాది. టెర్మినల్ రకం చెప్పే టర్మ్‌ని ఎక్స్‌టర్మ్ అని పెట్టేయండి, అన్నీ దారికొస్తాయి.

గోదారిగట్టు:
దయచేసి ఆ సలహా ఇవ్వకండి అన్నా. టీమక్స్ లోపల టర్మ్ విలువ ‘స్క్రీన్’ అనో ‘టీమక్స్’ అనో మొదలవ్వాలి. లేకపోతే స్క్రీనంతా చెత్తవుతుంది. పైగా ఎక్స్‌టర్మ్‌కి టర్మ్‌ఇన్ఫోలో (ఏ టెర్మినల్ ఏ కీకి ఏ కోడ్ పంపుతుందో రాసిన పట్టిక) ఉన్న హోమ్ కోడ్ అప్లికేషన్ మోడ్‌ది, అంటే కీలు వేరే కోడ్‌లు పంపే మోడ్‌ది. జెడ్‌ష్ ఆ మోడ్ తనంతట ఆన్ చేయదు. అందుకే టర్మ్‌ఇన్ఫో చూసి కట్టినా కలవదు.

సర్వర్‌స్వామి:
నాకు ఏనాడూ చెత్త కాలేదు.

చిన్నల్యాపీ:
నా ల్యాప్‌టాప్‌లో హోమ్ కీయే లేదు. లైను మొదటికి వెళ్లడానికి కంట్రోల్ ఏ వాడదామంటే స్క్రీన్ (టీమక్స్ లాంటి ఇంకో ప్రోగ్రాం) దాన్ని తనే తీసేసుకుంటుంది. కంట్రోల్ ఐని వేరే పనికి పెడితే ట్యాబ్ పోయింది!

ఏడురంధ్రాలు:
కంట్రోల్ ఐ, ట్యాబ్ రెండూ 9వ నంబరే కదా, షెల్‌కి తేడా ఎలా తెలుస్తుంది? స్క్రీన్‌లో కంట్రోల్ ఏ తర్వాత ఒట్టి ఏ నొక్కండి, లైను మొదటికి వెళ్తుంది.

రాత్రిడ్యూటీ:
^[[1~, ^[[3~ కట్టాను, హోమ్, డిలీట్ వచ్చేశాయి. గోదారిగట్టు గారికి చాలా థ్యాంక్స్. టీమక్స్ బాణాల సంగతి ఎవరూ చెప్పలేదు.