జర్మనీలో టొరెంట్ పాటలకు లాయర్ లెటర్: సంతకం పెట్టొచ్చా?

పెన్నా_గట్టు
మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్ళిన మా తమ్ముడికి పోస్టులో అబ్‌మానుంగ్ (లాయర్ పంపే హెచ్చరిక) లెటర్ వచ్చింది. నలుగురు కుర్రాళ్ళు ఉండే ఫ్లాట్, ఇంటర్నెట్ కనెక్షన్ వీడి పేరున ఉంది. టొరెంట్‌లో 12 పాటల ఆల్బమ్ పంచారట. 900 యూరోలు కట్టి, జత చేసిన ఫారం మీద సంతకం పెట్టి 10 రోజుల్లో పంపమన్నారు. దించింది నేను కాదంటున్నాడు. పాటలు దించుకున్నందుకే ఇంత డబ్బా? సంతకం పెట్టేస్తే వదిలిపోతుందా? వీసాకి ఇబ్బంది వస్తుందా?

కాకతీయ_తోరణం
డబ్బు అడుగుతున్నది ప్రధానంగా దించుకున్నందుకు కాదండి, పంచినందుకు. టొరెంట్‌లో ఫైలు ముక్కలు ముక్కలుగా వస్తుంది. వచ్చిన ముక్కను మీ క్లయింట్ (టొరెంట్ సాఫ్ట్‌వేర్) ఆ క్షణం నుంచే మిగతావాళ్ళకు పంపుతూ ఉంటుంది. పూర్తయ్యాక సీడింగ్ (ఇతరులకు పంపడం) ఆపేసినా అప్పటికే పంచినట్టే. అదే ఆల్బమ్ సీడీ డబ్బు పెట్టి కొని ఇంట్లో ఉంచుకున్నా ఈ తప్పు మాఫీ కాదు.

పట్టుకునే పద్ధతి ఇదీ. హక్కుదారు పెట్టుకున్న నిఘా సంస్థ తనూ ఒక పీర్‌గా (మిగతావాళ్ళలాగే ముక్కలు మార్చుకునే కంప్యూటర్‌గా) అదే టొరెంట్‌లో చేరుతుంది. ముక్కలు పంపిన ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్ నంబరు), ఫైలు హ్యాష్ (ఫైలును గుర్తుపట్టే కోడ్), తేదీ, సెకన్లతో సహా సమయం రాసుకుంటుంది. ఐపీ అడ్రసులు మారుతుంటాయి కాబట్టి సెకన్లు కూడా కావాలి. కాపీరైట్ చట్టం 101వ సెక్షన్ కింద కోర్టు ఉత్తర్వు తెచ్చుకుంటే ఇంటర్నెట్ కంపెనీ ఆ కనెక్షన్ ఎవరిదో చెప్పాలి. అందుకే లెటర్ దించినవాడికి కాకుండా బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకి వస్తుంది.

మొత్తంలో రెండు భాగాలుంటాయి. లాయర్ ఫీజుకి 2013 సవరణ పరిమితి పెట్టింది: మొదటిసారి దొరికిన మామూలు మనిషి అయితే నిలుపుదల కోరిక (ఇకపై పంచొద్దన్న డిమాండు) విలువను 1,000 యూరోలుగానే లెక్కగట్టాలి, ఫీజు ఆ విలువను బట్టే ఉంటుంది. నష్టపరిహారానికి ఆ పరిమితి లేదు. పాటకు 200 యూరోల లెక్కను జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2015లో సమర్థించింది. ఆ లెక్కన 12 పాటలకు 2,400. 900 అనేది రాజీ బేరం అన్నమాట.

బెర్లిన్_బావ
ఆ ఫారం మీద మాత్రం సంతకం పెట్టొద్దు. వాళ్ళు రాసిన ఫారంలో సాధారణంగా తప్పు ఒప్పుకున్నట్టు, డబ్బు కడతానన్నట్టు, మళ్ళీ జరిగితే ఇంత జరిమానా అన్నట్టు కలిపి ఉంటుంది. అది ఒప్పందం. ఏళ్ళ తరబడి మెడకు చుట్టుకునే ఉంటుంది.

అలాగని చెత్తబుట్టలో పడేయడం ఇంకా ప్రమాదం. గడువు దాటితే కోర్టు నుంచి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, ఆ ఖర్చు ఈ ఫీజు కన్నా చాలా ఎక్కువ. లాయర్లు మామూలుగా చేసేది ఆ ఫారాన్ని, అంటే మళ్ళీ చేయనన్న హామీ పత్రాన్ని, మార్చి రాయడం: ఆ ఒక్క ఆల్బమ్‌కే పరిమితం, తప్పు ఒప్పుకోలు ఉండదు, జరిమానా అంకె ఉండదు, కోర్టు సమీక్షకు వదిలేస్తారు. నెట్‌లో దొరికిన నమూనాను తనే దిద్ది పంపకూడదు. ఒక్క వాక్యం తేడా పడితే అటు హామీగా చెల్లదు, ఇటు ఒప్పుకోలు అయి కూర్చుంటుంది.

ఖర్చుకి భయపడొద్దు. ముందు యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఆస్టాలో అడగమనండి, చాలా చోట్ల ఉచిత న్యాయ సలహా ఉంటుంది. ఆదాయం తక్కువైతే దగ్గరి ఆమ్ట్స్‌గెరిష్ట్‌లో (స్థానిక కోర్టు) బెరాటుంగ్స్‌హిల్ఫె (న్యాయ సలహా సాయం) పత్రం తీసుకుని లాయర్ దగ్గరికి వెళ్తే 15 యూరోలతో సలహా దొరుకుతుంది. మన లాయర్‌తో మాట్లాడేదాకా లెటర్ పంపిన లాయర్ ఆఫీసుకి ఫోన్ చేయొద్దు. "సారీ, మా ఫ్రెండ్ చేశాడు" అన్న మాట కూడా వాళ్ళు రాసి పెట్టుకుంటారు.

కాకతీయ_తోరణం
వీసా సంగతి: ఇది సివిల్ డిమాండు, పోలీసు కేసు కాదు. అయితే కోర్టు తీర్పు వచ్చాక కూడా కట్టకపోతే షూఫా (అప్పుల చెల్లింపు చరిత్ర నమోదు చేసే సంస్థ) రికార్డులో పడొచ్చు. అప్పుడు అద్దె ఇల్లు దొరకడం కష్టమవుతుంది.

పెన్నా_గట్టు
థాంక్సండి. వాడు చేయలేదు కదా, రూమ్మేట్లకి వైఫై పాస్‌వర్డ్ ఇచ్చినందుకు వీడి మీద పడుతుందా?

బెర్లిన్_బావ
ఊరికే పడదు. పెద్దవాళ్ళైన రూమ్మేట్లకి, అతిథులకి ముందుగా హెచ్చరిక చెప్పాల్సిన బాధ్యత కనెక్షన్ యజమానికి లేదని జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టే 2016 మేలో చెప్పింది. కానీ "ఎవరైనా చేసి ఉండొచ్చు" అంటే సరిపోదు. లెటర్‌లో ఉన్న ఆ రోజు, ఆ గంటకి ఇంట్లో ఎవరున్నారు, ఎవరి లాప్‌టాప్ వైఫైలో ఉంది, అడిగితే ఎవరేమన్నారు, ఇవి పేర్లతో చెప్పాలి. ఇవ్వాళే కూర్చోబెట్టి అడిగి రాసి పెట్టుకోమనండి, నాలుగు నెలలు పోతే ఎవరికీ గుర్తుండదు. ఎవరు చేశారో తెలిశాక కూడా పేరు దాస్తే భారం వీడిదే. 2017లో పిల్లల్లో ఎవరు చేశారో చెప్పనన్న తల్లిదండ్రుల కేసులో అలాగే అయింది.

ఇంకొకటి. తర్వాత ఎప్పుడైనా కోర్టు నుంచి పసుపుపచ్చ కవరు వస్తే ఆ కవరు పారేయకూడదు. పోస్ట్‌మ్యాన్ దాని మీద చేత్తో తేదీ వేస్తాడు. అది మాన్‌బెషైడ్ (డబ్బు కట్టమన్న కోర్టు నోటీసు) అయితే ఆ తేదీ నుంచి 2 వారాల్లోగా, లోపలున్న ఫారంలో మొత్తం క్లెయిమ్‌కి అభ్యంతరం అన్న గడిలో టిక్ పెట్టి, సంతకం చేసి కోర్టుకి పంపాలి. కారణం రాయనక్కర్లేదు.