వైకల్యం గురించి చదివి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తచదువరి:
మా అక్క కూతురికి ఆటిజం అని ఈమధ్యే డాక్టర్లు చెప్పారు. అక్క ఆ టెన్షన్‌లో రాత్రుళ్లు కూర్చుని దొరికిందల్లా చదువుతోంది, తోడుగా నేనూ మొదలుపెట్టాను. చదువుతూ పోతుంటే ఆటిజం దగ్గరే ఆగాలనిపించడం లేదు, అసలు వైకల్యం ఉన్నవాళ్ల జీవితం ఎలా ఉంటుందో మొదటినుంచీ తెలుసుకోవాలనుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఏదో ఒకటి ఉంది, అంటే దాదాపు 130 కోట్ల మంది. ఇంతమంది గురించి మనం చదివింది ఎంత?

నా ఇబ్బంది ఏంటంటే దొరికేవి రెండే రకాలు. ఒకటి డాక్టర్లు రాసినవి, వాటిలో లక్షణాలు, కారణాలు, చికిత్స అన్నీ ఉంటాయి, మనిషి మాత్రం కనపడడు. రెండోది "ఏమీ లేని ఇతనే ఇంత సాధించాడు, అన్నీ ఉన్న మీకేమైంది" అనే రకం. అది చదివితే ఆ పూటకి కళ్లు చెమ్మగిల్లుతాయి గానీ, ఆ మనిషి పొద్దున మంచం దిగింది మొదలు రాత్రి దాకా ఏం చేస్తాడో, దేనికి విసుక్కుంటాడో, దేనికి నవ్వుతాడో ఒక్క ముక్క తెలియదు. నాకు కావలసింది అది. ఎవరిని చదవాలి, ఏది పక్కన పెట్టాలి, దయచేసి చెప్పండి.

చివరి_బెంచీ:
నేను చిన్నప్పటి నుంచీ వీల్‌చెయిర్‌లోనే ఉన్నాను కాబట్టి మీరు చెప్పిన ఆ రెండో రకం కథలు నాకు బాగా అలవాటు, చుట్టాలు పనిగట్టుకుని పంపుతుంటారు. వీటిని ఆస్ట్రేలియా జర్నలిస్టు స్టెల్లా యంగ్ 2012లో ఒక వ్యాసంలో 'ఇన్‌స్పిరేషన్ పోర్న్' అంది, అంటే ఎదుటివాళ్లకి స్ఫూర్తి కలగడానికి మమ్మల్ని వస్తువుల్లా వాడుకోవడం. ఆవిడా వీల్‌చెయిర్ వాడిన మనిషే. మంచం దిగి సొంత పేరు గుర్తుపెట్టుకున్నందుకే మమ్మల్ని మెచ్చుకుంటే, మా నుంచి ఎవరూ ఏమీ ఆశించడం లేదనే కదా అర్థం అన్నది ఆవిడ వాదన. 2014లో ఇచ్చిన ప్రసంగం కూడా నెట్‌లో ఉంది, పది నిమిషాలు కూడా పట్టదు, మీ అక్కగారికి కూడా వినిపించండి.

పుస్తకం ఏదైనా ముందు ఎవరు రాశారో చూడండి. తర్వాత, అందులో కష్టం ఎక్కడుందని రాశారో చూడండి. "అతను మెట్లెక్కలేకపోయాడు" అని రాస్తే తప్పు అతని కాళ్లది అవుతుంది, "అక్కడ ర్యాంప్ లేదు" అని రాస్తే ఆ భవనం కట్టినవాళ్లది అవుతుంది. బ్రిటన్‌లో వైకల్యం ఉన్నవాళ్లే నడిపిన ఒక సంఘం 1976లో ఈ మాటే గట్టిగా చెప్పింది, మైక్ ఆలివర్ అనే ఆయన 1983లో దానికి సోషల్ మోడల్ అని పేరు పెట్టాడు. ఇది తెలిశాక ఏ పుస్తకం చదివినా వేరేగా కనపడుతుంది. అలాగని అన్నీ ర్యాంపుతో తీరిపోతాయని అనుకోకండి, నొప్పి నొప్పే, అలసట అలసటే, వాటిని దాచకుండా రాసినవాళ్లనే నేను ఎక్కువ నమ్ముతాను.

ఒక్కటే చదువుతానంటే, అమెరికాలో వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల కోసం పోరాడిన జూడిత్ హ్యూమన్ 2020లో వెలువరించిన ఆత్మకథ చదవండి. చిన్నప్పుడే పోలియో వచ్చిన ఆవిడని న్యూయార్క్‌లో బళ్లో చేర్చడానికి తీసుకెళ్తే, వీల్‌చెయిర్ ఉంది కాబట్టి అగ్నిప్రమాదం జరిగితే అడ్డమని చెప్పి చేర్చుకోలేదు. పెద్దయ్యాక అదే న్యూయార్క్‌లో టీచరు లైసెన్సు ఇవ్వకపోతే 1970లో కోర్టుకెక్కి సాధించుకుంది. 1977లో, వైకల్యం ఉన్నవాళ్లపై వివక్ష వద్దనే చట్టాన్ని అమలు చేయాలని పట్టుబట్టి, ఆవిడతో సహా, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రభుత్వ భవనంలో వందమందికి పైగా వైకల్యం ఉన్నవాళ్లు మూడు వారాలు దాటి అక్కడే ఉండిపోయారు. లోపల ఫోన్లు కట్ చేస్తే, వినపడనివాళ్లు కిటికీల దగ్గర నిలబడి బయటివాళ్లతో సైగల భాషలో మాట్లాడి కబుర్లు అందించారు. నేను ఈ ఘట్టం దగ్గర పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను, బయట అందరూ లోపం అనేదే అక్కడ అందరికీ పనికొచ్చింది కదా.

చెవులతో_చదువరి:
నాకు చూపు లేదు, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదువుతాను, ఈ పోస్టు కూడా దానితోనే రాస్తున్నాను. పైన చెప్పినవాటితో పూర్తిగా ఏకీభవిస్తూ రెండు పేర్లు కలుపుతాను.

హెలెన్ కెల్లర్ అనగానే అందరికీ ఆ నీళ్ల పంపు, టీచరు చేతిలో అక్షరాలు రాయడం, అంతవరకే తెలుసు. ఆవిడ 1968 దాకా బతికింది! మొదటి ఆత్మకథ 1903లో వచ్చేనాటికి ఇరవై రెండేళ్లు. తర్వాతి ఆరు దశాబ్దాలు ఏం చేసిందో పాఠ్యపుస్తకాలు చెప్పవు. సోషలిస్టు పార్టీలో చేరింది, ఆడవాళ్ల ఓటు హక్కు కోసం రాసింది, పేదరికం, ఫ్యాక్టరీ ప్రమాదాలు మనుషుల చూపు ఎలా తీస్తున్నాయో చెప్పింది. 1908 నాటి పుస్తకం ముందుమాటలో, లోకంలో ఇన్ని విషయాలుండగా నా గురించి నన్నే రాయమంటారు తప్ప మిగతావాటి మీద నా అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు అని నొచ్చుకుంటుంది. ఇన్నేళ్లయినా మాలో చాలామందికి ఇదే జరుగుతోంది. నేను సినిమా గురించి రాస్తే కింద కామెంట్లన్నీ నా కళ్ల గురించే ఉంటాయి.

రెండోది జాన్ హల్ 1990లో వెలువరించిన పుస్తకం. ఈయన ఇంగ్లండులో ప్రొఫెసర్, నడివయసులో చూపు పూర్తిగా పోయాక క్యాసెట్లలో చెప్పుకున్న డైరీ అది. అందులో వాన గురించి ఒకచోట రాస్తాడు. మామూలప్పుడు తలుపు తీసి నిలబడితే చూపు లేనివాడికి ముందు ఏముందో తెలియదు, చేత్తో తాకిందో చప్పుడు చేసిందో ఒక్కటే ఉన్నట్టు. వాన పడితే మాత్రం ఆకుల మీద ఒక చప్పుడు, బాట మీద ఒకటి, గోడ మీద ఇంకొకటి, అలా తోటంతా ఒక్కసారిగా ఆకారం కడుతుంది. నాకు పుట్టుకతోనే చూపు లేదు కాబట్టి నాకు ఇది కొత్త కాదు, కానీ చూపున్న నా స్నేహితులకి ఈ ఒక్క పేజీ చదివి వినిపించాక వాళ్లు అడిగే ప్రశ్నలే మారిపోయాయి. పాపం ఎలా బతుకుతున్నావు అనేవాళ్లు, ఈ గది నీకు ఎలా వినిపిస్తోంది అని అడగడం మొదలుపెట్టారు.

ఇంకో మాట. మీరు 'చదవండి' అనే పుస్తకాలు మాకు చదవగలిగే రూపంలో ఉన్నాయా అన్నది కూడా ఇందులో భాగమే. చూపు లేనివాళ్ల కోసం బ్రెయిలీలోకో ఆడియోలోకో మార్చిన పుస్తకాలు కాపీరైటు అడ్డం లేకుండా దేశాలు దాటడానికి 2013లో మరాకేష్ ఒప్పందం కుదరాల్సి వచ్చింది. స్కాన్ చేసి ఫొటోల్లా పెట్టిన పీడీఎఫ్ నా స్క్రీన్ రీడర్‌కి ఖాళీ కాగితంతో సమానం. పంచుకునేటప్పుడు దయచేసి టెక్స్ట్ ఉన్న ఫైల్ పంచుకోండి.

నీలిగీత:
కొత్తచదువరి గారూ, నాకు ఆటిజం ఉంది, పెద్దయ్యాకే తెలిసింది. మీ అక్కగారి కోసం ముందుగా చెప్పేది, జిమ్ సింక్లెయిర్ 1993లో తల్లిదండ్రులను ఉద్దేశించి రాసిన ఒక చిన్న వ్యాసం ఉంది, నెట్‌లో వెతికితే వస్తుంది. రాసినదీ ఆటిజం ఉన్న మనిషే. మీరు ఊహించుకున్న బిడ్డ రాలేదన్న దుఃఖం నిజమే, దాన్ని దుఃఖపడండి, కానీ మీ ముందు ఉన్న బిడ్డను చూసి దుఃఖపడకండి, ఆ బిడ్డకి మీరు కావాలి అన్నది సారాంశం. కొంచెం కరుకుగా ఉంటుంది. ఇప్పుడే వద్దనుకుంటే మీరు ముందు చదివి, సమయం చూసి ఇవ్వండి.

ఆటిజం ఉన్న అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పేరు ఎలాగూ ఎవరో ఒకరు చెప్తారు. 1995లో వచ్చిన పుస్తకంలో తన ఆలోచనలు మాటల్లో కాకుండా బొమ్మల్లో ఎలా నడుస్తాయో చాలా వివరంగా రాసింది, పశువుల షెడ్లు డిజైన్ చేసే పనిలో అది ఎలా కలిసొచ్చిందో కూడా. తప్పకుండా చదవాల్సిందే. అయితే అది చదివి ఆటిజం ఉన్న పిల్లలందరూ బొమ్మల్లోనే ఆలోచిస్తారు అనుకునేరు! నేను అస్సలు కాదు. ఆవిడే తర్వాత, కొందరు నమూనాల్లో, కొందరు మాటల్లో ఆలోచిస్తారని సరిదిద్దింది. అందుకే ఒకరి పుస్తకంతో ఆగకండి, ఒకరితో ఒకరు విభేదించే ఇద్దరు ముగ్గురిని చదివితేనే మీ మేనకోడలికి వాళ్లందరి కంటే వేరుగా ఉండే చోటు మిగులుతుంది.

రెండుచేతులు:
మా అమ్మానాన్నలిద్దరికీ వినపడదు, నాకు వినపడుతుంది. పైవాళ్లందరూ మంచి పుస్తకాలు చెప్పారు, నేను పుస్తకాల్లోకి రాని సంగతి చెప్తాను. మా అమ్మ మొదటి భాష సైగల భాష, రాత ఆమెకి నేర్చుకున్న రెండో భాష. ఆమె కథ చెప్తే కనుబొమలు, భుజాలు, ఖాళీలో చేతులు ఆగిన చోటు, అన్నీ కథలోనే భాగం. దాన్ని కాగితం మీద పెడితే సగం పోతుంది. 1880లో మిలాన్‌లో పెద్దలు కూర్చుని వినపడని పిల్లలకి సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలని తీర్మానించారు, దాని ప్రభావంతో తరాల పాటు ఆ పిల్లల భాషని బళ్లలోంచి తరిమేశారు. సైగల భాషకి సొంత వ్యాకరణం ఉందని అమెరికా పరిశోధకుడు విలియం స్టోకీ 1960లో చూపించాకే పండితులు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. కాబట్టి చదవడంతో పాటు చూడండి, సైగల్లో కథలు చెప్పేవాళ్ల వీడియోలు సబ్‌టైటిళ్లతో చాలా ఉన్నాయి.

మాట రానివాళ్లు, మేధో వైకల్యం ఉన్నవాళ్లు రాసినవి ఇంకా తక్కువ. ఫ్రెంచి సంపాదకుడు బోబీకి 1995లో స్ట్రోక్ వచ్చి ఎడమ కనురెప్ప తప్ప దాదాపు ఏదీ కదలని స్థితి. పక్కన ఒకరు అక్షరాలు వరసగా చదువుతుంటే కావలసిన దగ్గర రెప్ప వేసి పుస్తకం మొత్తం చెప్పాడు. కళ్లజోడు అడుగుదామని మొదలుపెడితే మధ్యలోనే అవతలివాళ్లు చంద్రుడితో నీకేం పని అన్నారట, ఫ్రెంచిలో ఆ రెండు మాటలూ ఒకేలా మొదలవుతాయి. అవతలి మనిషి చెప్పడం పూర్తయ్యేదాకా ఆగడం ఎంత పెద్ద సంగతో ఇంత చిన్న ఉదాహరణలో తెలుస్తుంది.

కొత్తచదువరి:
అందరికీ చాలా థాంక్స్ అండీ. సింక్లెయిర్ వ్యాసం ఇందాకే చదివాను, అక్కకి ఇంకో వారం ఆగి ఇస్తాను. హ్యూమన్ పుస్తకం మొదలుపెడుతున్నా. ఒక్క సందేహం, ఇవన్నీ చదివాక తెలిసినవాళ్లని నేరుగా అడగొచ్చా? నువ్వు ఎలా చేస్తావు, నీకు ఎలా ఉంటుంది అని?

చివరి_బెంచీ:
అడగొచ్చు, స్నేహం ఉంటే. బస్సులో కొత్తగా కనపడ్డ మనిషిని "మీకేమైంది" అనకండి, అది మాకు రోజూ పడే ప్రశ్న. పుస్తకంలో దొరికే జవాబులు పుస్తకంలో చూసుకుని, ఆ మనిషికే తెలిసినవి ఆ మనిషిని అడగండి. నాకైతే, ఇంటికి పిలిచే ముందు "మా గుమ్మం వెడల్పు ఇంత, సరిపోతుందా" అని అడిగేవాళ్లు కావాలి.